నేను పారేసిన ప్లేటు

ఆటోక్లేవ్ అనే పెద్ద ఆవిరి కుక్కర్ మూత తీయగానే గదంతా ఒక వాసన కమ్ముకుంటుంది. సూక్ష్మజీవుల్ని పెంచడానికి వాడే మేతను ఉడికించి దించినప్పటి వాసన అది. గంజి వార్చిన గిన్నెలో మాంసం కడిగిన నీళ్ళు పోసినట్టుందని మొన్న కొత్తగా చేరిన ఒకమ్మాయి అంది. హైదరాబాదులో మా ప్రయోగశాలలో ప్రతి సోమవారం పొద్దున ఆ ఆవిరి వరండా దాకా వస్తుంది. అందరూ తలుపులు వేసుకుంటారు. నేను మాత్రం పని ఉన్నా లేకపోయినా ఆ గదిలోకి వెళ్ళి ఒక నిమిషం నిలబడతాను. ఎవరైనా చూస్తే బీకరు కోసం వెతుకుతున్నట్టు అటూ ఇటూ చూస్తాను. భద్రాచలం వెళ్ళే దారిలో, గోదావరికి ఇవతల, వెదురు పొదల వెనక ఒక చిన్న ఆస్పత్రి ఉంది. దాని వెనక గదిలో, ఇదే వాసన మధ్య, నేను మూడేళ్ళు పనిచేశాను. సుభద్ర మేడం దగ్గర.

నేను ఇప్పుడు చేసే పని గురించి ఇంట్లో చెప్పడం కష్టం. బ్యాక్టీరియా కూడా మనలాగే ప్రొటీన్లతో బతుకుతుంది. ప్రొటీన్ అంటే ఇరవై అక్షరాలతో రాసిన ఒక పొడవైన మాట అనుకోవచ్చు. తరం తరానికీ ఆ మాటను ఎత్తి రాసుకునేటప్పుడు ఎక్కడో ఒక అక్షరం మారుతుంది. చాలా మార్పుల వల్ల ఏమీ జరగదు. కొన్ని మాత్రం ఆ జీవిని కొత్త చోట బతకనిస్తాయి. మట్టిలో ఉండేది మనిషిలో ఉండగలుగుతుంది, మందుకు లొంగేది లొంగడం మానేస్తుంది. ఆ అక్షరాల వెంట వెనక్కి నడిచి, జబ్బు ఎక్కడ మొదలై ఎటు పాకిందో వెతకడం నా పని. ఈ పనిలోకి ఎలా వచ్చావని ఎవరైనా అడిగితే పరీక్ష రాసి వచ్చానని చెప్తాను. నిజానికి ఒక ప్లేటు పారేసి వచ్చాను.

మాది మణుగూరు. నాన్న బొగ్గు గనిలో పనిచేసేవాడు. కాలనీ క్వార్టర్లలో పెరిగిన పిల్లలందరికీ గొంతు పెద్దది, నాకు తప్ప. బడిలో హాజరు పలికేటప్పుడు కూడా పక్కమ్మాయి నా బదులు పలికేది. మాట్లాడలేనివన్నీ డైరీలో రాసుకునేదాన్ని. డిగ్రీలో మైక్రోబయాలజీ చదివాక ఆ ఆస్పత్రిలో ల్యాబ్ అసిస్టెంటుగా చేరాను. మొదటి రోజు సుభద్ర మేడం స్టూలు మీద కూర్చుని ఒక గాజు ప్లేటును కిటికీ వెలుతురుకు ఎత్తి పట్టుకుని చూస్తున్నారు. యాభై దాటిన మనిషి. కళ్ళద్దాలకు పచ్చ దారం కట్టి మెళ్ళో వేసుకున్నారు. వాళ్ళది మధిర దగ్గర వ్యవసాయ కుటుంబం. అన్నదమ్ములు పత్తి, వరి పండిస్తుంటే ఈమె మాత్రం జనం ఒంట్లోంచి తీసిన చీమూ కఫమూ పండిస్తుందని ఇంట్లో వేళాకోళం చేసేవారట.

"పేరేంటమ్మాయ్?" అన్నారు తల తిప్పకుండా.

"శైలజ."

"వినపడలా."

మళ్ళీ చెప్పాను. అప్పుడు నా వైపు తిరిగారు. "ఇంకా వినపడలా. సరేలే, నీ గొంతును కూడా కల్చర్ పెట్టాలి. ఒకరోజు వెచ్చగా ఉంచితే అదే పైకొస్తుంది."

కల్చర్ పెట్టడం అంటే రోగి చీమునో రక్తాన్నో మేత ఉన్న ప్లేటు మీద గీసి, వెచ్చటి పెట్టెలో ఉంచి, ఏం మొలుస్తుందో చూడటం. ఆ మేతలో కొన్నిటికి గొర్రె రక్తం కలపాలి. నెలకోసారి మేడం నన్ను స్కూటర్ మీద ఎక్కించుకుని ములకలపల్లి వైపు ఒక గొర్రెల కాపరి దగ్గరికి తీసుకెళ్ళేవారు. గొర్రె తల ఒళ్ళో పెట్టుకుని కదలకుండా పట్టుకోవడం నా వంతు. మేడం మెడనరంలోంచి కాస్త రక్తం తీసేవారు. కాపరికి ఇదంతా వినోదం. "మేడం, పోయిన నెల గూడ దీన్నే పట్టిండ్రు. ఎట్ల చిక్కిపోయిందో సూడుండ్రి" అనేవాడు. "చిక్కింది నువ్వయ్యా, అది కాదు. దానికి పెట్టమని బెల్లం ఇస్తే నువ్వే తింటున్నావంట కదా" అనేవారు మేడం. "ఎవలు చెప్పిండ్రు? గొర్రె చెప్పిందా?" అని అతను పగలబడి నవ్వేవాడు. తిరిగి వస్తుంటే మేడం గాలిలో గట్టిగా అరిచి చెప్పారొకసారి. "నువ్వు దాని చెవిలో ఏదో చెప్తున్నావు, చూశాను. గొర్రెకు వినపడేంత గొంతయినా ఉంది నీకు. సంతోషం."

ఆ గదిలో రెండు కట్టుబాట్లు ఉండేవి. మొదటిది రిజిస్టరు గురించి. ప్రతి పేజీ మధ్యలో మేడం ఒక గీత గీసేవారు. ఎడమవైపు కంటికి కనిపించింది రాయాలి, కుడివైపు మనం అనుకున్నది. రెండూ కలిపి రాస్తే పేజీ చించి మళ్ళీ రాయించేవారు. రెండోది పారేయడం గురించి. చాలాచోట్ల ప్లేట్లను రెండు రోజులు చూసి పారేస్తారు. మేడం అయిదు రోజులు ఉంచేవారు. "ముందు లేచినవాళ్ళే మనుషులు కాదు కదమ్మా, ఆలస్యంగా లేచేవాళ్ళు కూడా ఉంటారు" అనేవారు. చెడిపోయిన ప్లేటు అయినా సరే, ఆమెకు చూపించకుండా పారేయకూడదు. "పారేసే ముందు ఒకసారి పరిచయం చెయ్యి" అనేవారు. గాలిలోని దుమ్మో మన చేతి మురికో ప్లేటులో పడి మొలిచినా అదేదో చూసేవారు.

నేను చేరిన ఏడాదిన్నరకు, దసరా అయిపోయిన రోజుల్లో, లచ్చయ్య వచ్చాడు. ములకలపల్లి దాటాక అడవి అంచున ఒక కోయ ఊరు వాళ్ళది. నలభై ఏళ్ళు ఉంటాయి. నాట్ల తర్వాత జ్వరం పట్టుకుంది, దగ్గు, బరువు తగ్గడం. ఎక్స్‌రే చూసి ఎక్కడో టీబీ మందులు మొదలుపెట్టారు. రెండు నెలలు మింగినా తగ్గకపోగా తొడలో పెద్ద గడ్డ లేచింది. షుగర్ కూడా ఉంది. మా డాక్టరుగారు గడ్డ కోసి, చీము తీసి మా గదికి పంపారు. ఆ వారం నాకు ఏదీ కలిసి రాలేదు. వరసగా మూడు ప్లేట్లు నా చేతి మురికితో చెడిపోయాయి. మూడోది చూపించినప్పుడు మేడం, "ఏంటమ్మాయ్, జనం జబ్బులు చాల్లేదని నీవి కూడా పండిస్తున్నావా?" అన్నారు. మామూలు వేళాకోళమే. కానీ గుమ్మం దగ్గర ఇద్దరు నర్సులు నిలబడి ఉన్నారు. వాళ్ళు నవ్వారు. నాకు చెవులు వేడెక్కాయి.

లచ్చయ్య ప్లేటులో మొదటి రోజు ఏమీ లేదు. రెండో రోజు సన్నటి చుక్కలు. మూడో రోజు పొద్దున అవి ఎండి ముడతలు పడి ఉన్నాయి. అలాంటివి అంతకుముందు నేను చూడలేదు. నాలుగోసారి కూడా చేయి పాడు చేసిందనుకున్నాను. మేడం ఇంకా రాలేదు. ఆ ప్లేటును తీసి, ఉడికించి పారేసే సంచిలో వేశాను. చెడిపోయిందని రాస్తే మళ్ళీ చీము తీసి పంపమని అడగాలి, ఎందుకో చెప్పాలి. అయిదో రోజున ఎడమవైపు 'ఏమీ మొలవలేదు' అని రాశాను. నేను ఆ రిజిస్టరులో రాసిన ఒకే ఒక్క అబద్ధం అది. ఆ కాగితం చూసి డాక్టరుగారు టీబీ మందులే కొనసాగించి లచ్చయ్యను ఇంటికి పంపారు.

రిజిస్టరులో అబద్ధం రాసిన మనిషిని డైరీలో మాత్రం ఉన్నదున్నట్టు రాసుకున్నాను. అలవాటు అలాంటిది. "మూడో రోజు. గులాబీ, ఊదా కలిసిన రంగు. వాడిన పువ్వులా ముడతలు, నడుమ నుంచి అంచుకు గీతలు. నా చేతి మురికి ఇంత అందంగా ఎందుకుంది?" అని.

పది రోజుల తర్వాత ఒక ఆదివారం మధ్యాహ్నం హాస్టల్లో మేడం దగ్గర అడిగి తెచ్చుకున్న పాత పుస్తకం చదువుతున్నాను. అందులో మట్టిలో బతికే ఒక బ్యాక్టీరియా గురించి ఉంది. తడి పొలాల్లో ఉంటుందట, కాలి గాయంలోంచి లోపలికి పోతుందట, షుగర్ ఉన్నవాళ్ళను ఎక్కువగా పట్టుకుంటుందట. ఆ జబ్బు పేరు మెలియాయిడోసిస్. చూడటానికి టీబీలాగే ఉంటుంది, టీబీ మందులకు తగ్గదు, సరైన మందు వేయకపోతే మనిషి దక్కడు. ఆ తర్వాతి వాక్యం ప్లేటు మీద అది ఎలా కనిపిస్తుందో చెప్పింది. మూడో రోజుకు ఎండి, ముడతలు పడి, వాడిన పువ్వులా. డైరీ తీసి పక్కన పెట్టుకున్నాను. రెండూ ఒకరే రాసినట్టున్నాయి.

సోమవారం మేడం ఒక్కరే ఉన్నప్పుడు వెళ్ళాను. డైరీ ఆ పేజీ దగ్గర తెరిచి బల్ల మీద పెట్టాను, పక్కన పుస్తకం. ఆమె కళ్ళద్దాలు పెట్టుకుని అది చదివారు, ఇది చదివారు. లేచి రిజిస్టరు తెచ్చి నేను రాసిన మాట దగ్గర వేలు పెట్టి ఆగారు. ఆమె తిడతారని ఎదురు చూశాను. డైరీ మూసి నా చేతిలో పెట్టారు.

"నాకైతే చదివించావు. ఆ లచ్చయ్యకు చదవడం రాదు. ఏం చేస్తావు?"

ఆ మధ్యాహ్నమే బస్సు ఎక్కాం. ములకలపల్లిలో దిగి ఆటో, అది ఆగిపోయాక వాగు దాటి నడక. దారిలో మేడం ఆ మాట ఎత్తలేదు. నా తరఫున తాను మాట్లాడతానని కూడా అనలేదు. ఆ మాట కోసం చివరి దాకా కాచుకున్నాను.

లచ్చయ్య పందిరి కింద నులక మంచం మీద ఉన్నాడు. దుప్పటి కింద మనిషి ఉన్నాడో లేడో అన్నట్టున్నాడు. అతని భార్య సమ్మక్క మాకు నీళ్ళిచ్చి, మంచం పట్టె మీద కూర్చుని, ఏమిటన్నట్టు చూసింది. మేడం పందిరికి పాకిన చిక్కుడు తీగను చూస్తూ నిలబడ్డారు.

"అన్నా," అన్నాను. ఇంకోసారి మొదలుపెట్టాను. "అన్నా, మొన్న నీ తొడలకెల్లి చీము తీసిండ్రు గదా. దాన్ని నేనే పెంచి సూసిన. మూడో దినం దాంట్ల ఒకటి మొలిచింది. నా చేతి మురికి అనుకొని ఎవలకూ చూపియ్యకుండ పారేసిన. ఏం మొల్వలేదని కాయితం మీద రాసిన. డాక్టరు సారు ఆ కాయితం సూసే నిన్ను ఇంటికి పంపిండు. గలతీ సారుది గాదు. నాది."

సమ్మక్కకు ఒక్క క్షణం అర్థం కాలేదు. అర్థమయ్యాక లేచి నిలబడింది. "మా ఆయన ఒంట్లకెల్లి తీసింది పారేసినవా?"

"అవ్, వదినా."

"పారేసి, ఏం లేదని రాసినవ్."

"అవ్."

"మరి ఇప్పుడెందుకొచ్చినవ్? నువ్వు చెప్పకుంటే మాకు ఎరుకయితదా?"

"ఎరుక కాదు. అందుకే వచ్చిన."

మంచం మీంచి దగ్గు వినిపించింది. అది నవ్వని కాసేపటికి గాని తెలియలేదు. "రెండు నెలల సంది గోలీలు మింగుతున్న," అన్నాడు లచ్చయ్య. "నాకొచ్చిందేందో ఎవలకూ దొరుకుతలేదు అనుకున్న. దొరికిందంట. ఈ పిల్ల పారేసిందంట."

"నవ్వకు, మల్ల దగ్గొస్తది," అని అతన్ని కసిరి, సమ్మక్క నా వైపు తిరిగింది. "మల్ల అదే గడ్డను కోస్తరా?"

"కొద్దిగ తీస్తరు. అది ఏందో తేలినంక వేరే మందు ఇస్తరు. ఈసారి పారెయ్య. నువ్వే వచ్చి నా దగ్గర కూసొని సూస్తుండు."

"నాకేం పని లేదా, నీ దగ్గర కూసోనికె?" అంటూనే ఆమె లోపలికి వెళ్ళింది. బట్టలు మూట కడుతున్న చప్పుడు వినిపించింది. లచ్చయ్యను ఊరివాళ్ళు మంచంతోనే మోసుకుని వాగు దాటించారు, అక్కడి నుంచి ఆటోలో సమ్మక్క ఒళ్ళో తల పెట్టుకుని వచ్చాడు. మేమిద్దరం వెనక బస్సులో.

బస్సులో కిటికీ పక్కన కూర్చున్నాక అడిగాను. "నన్నెందుకు తిట్టలేదు మేడం?"

మేడం కిటికీ బయటికి చూస్తూ చెప్పారు. "నేనీ ఆస్పత్రికి వచ్చిన కొత్తలో రెండు రోజులకే అన్నీ పారేసేదాన్ని అమ్మాయ్. అలాగే నేర్పారు. ముడతలు పడ్డది కనిపిస్తే దుమ్మనుకునేదాన్ని. టీబీ మందులకు తగ్గట్లేదంటూ వచ్చి, అలాగే ఇళ్ళకు పోయినవాళ్ళు ఉన్నారు. వాళ్ళలో ఎవరిది పారేశానో నాకు తెలీదు. వెళ్ళి చెప్పుకుందామన్నా ఏ ఇంటికని వెళ్ళను? అందుకే ఆ అయిదు రోజులు." కళ్ళద్దాలు తీసి చీర చెంగుతో తుడిచారు. "నీకు వెళ్ళడానికొక ఇల్లుంది. నీ మీద కోపం రావాలి నాకు. కుళ్ళు వచ్చింది."

ఆ మాట నేను డైరీలో రాయలేదు. రాయకుండానే గుర్తుంటుందని తెలుసు.

ఆ తర్వాతి అయిదు రోజులు సమ్మక్క నిజంగానే మా గది ముందు కూర్చుంది. పొద్దున్నే వచ్చి, "ఉన్నదా? పారేసినవా?" అని అడిగేది. నర్సులకు కూడా అదే పలకరింపైపోయింది. మూడో రోజు మూత తీయకుండా ప్లేటును అద్దం అవతల నుంచి ఆమెకు చూపించాను. ముక్కు అద్దానికి ఆనించి చూసింది. "పువ్వు లెక్కనే ఉన్నది, ముదనష్టపుది," అంది. మేం నమూనా పంపిన హైదరాబాదు పెద్ద ల్యాబు నుంచి కూడా అదే జవాబు వచ్చింది, డాక్టరుగారు మందు మార్చి సూదులు మొదలుపెట్టారు. అంతలో లచ్చయ్యకు ఊపిరి కష్టమైంది. రెండు రోజులు అతను ఉంటాడో ఉండడో తెలియలేదు. ఆ రెండు రోజులూ నేను గదిలో నా పని నేను చేసుకున్నాను. మేడం నా పక్కన స్టూలు వేసుకుని ఊరికే కూర్చున్నారు. మూడో వారానికి అతను మంచం దిగి వరండాలో నడిచాడు. సూదులు అయిపోయాక ఇంకా చాలా నెలలు మాత్రలు. ప్రతి నెలా వచ్చేవాడు. నన్ను చూడగానే, "ఏం బిడ్డా, ఇయ్యాల ఏమన్న పారేసినవా?" అనేవాడు.

అతనికి ఆ జబ్బు తన మడిలోంచే వచ్చిందా? అది తెలిస్తే ఆ చుట్టుపక్కల ఇంకెవరికి రావచ్చో చెప్పగలం. ఎండాకాలం చివర హైదరాబాదు నుంచి ఇద్దరు పరిశోధకులు కారులో వచ్చారు. అందరం కలిసి లచ్చయ్య పొలానికి వెళ్ళాం. ఊరి పెద్ద ఎదురొచ్చి, భూమి పండుగ ఇంకా కాలేదని చెప్పాడు. ఆ పండుగ చేయనిదే వాళ్ళు నేలలో నాగలి పెట్టరు, గునపం దించరు. వచ్చినవాళ్ళలో ఒకతను చేతి గడియారం చూసుకున్నాడు. "మేడం, చిన్న గొయ్యే కదా. రెండు నిమిషాల పని."

"మీ ల్యాబులో మంటలో కాల్చి శుద్ధి చెయ్యకుండా సూది ప్లేటులో ముంచమంటే ముంచుతావా బాబూ? రెండు సెకన్ల పనేగా?" అన్నారు మేడం. అతను నవ్వేశాడు. కారు వెనక్కి వెళ్ళింది. పన్నెండు రోజుల తర్వాత ఊళ్ళో పండుగ అయిందని కబురొచ్చింది. మేమిద్దరమే వెళ్ళాం. చేతులకు తొడుగులు వేసుకుని, కాళ్ళకు రబ్బరు బూట్లతో, లచ్చయ్య తానే గునపం పట్టాడు. మడి మూల ఒకచోట ఆగి, "ఇక్కడ్నే ముల్లు దిగింది. గట్లనే నాటేసిన," అన్నాడు. మూరెడు లోతున మట్టి చల్లగా, నల్లగా ఉంది. ఇకమీద నాట్లకు దిగినప్పుడు కూడా ఆ బూట్లే వేసుకోవాలని మేడం చెప్పారు. "ఇవి ఏసుకొని బురదల దిగుతే, ఇవి బురదల్నే ఉంటయ్ మేడం. నేనొక్కణ్ణే బయటకొస్త," అన్నాడు. మేడం నవ్వి, అయితే కనీసం కాలి పుండుకు కట్టు కట్టుకోమని బేరానికి దిగారు. ఆ బేరం వాళ్ళిద్దరి మధ్య చివరిదాకా తెగలేదు.

మట్టిలో అదే జీవి దొరికింది. తొడలోంచి తీసినదాని ప్రొటీన్లూ, మడిలోంచి తీసినదాని ప్రొటీన్లూ అక్షరాల వరసలుగా హైదరాబాదు నుంచి వచ్చాయి. కంప్యూటరు క్షణంలో పోల్చి చెప్తుందని నాకు తెలుసు, మేడంకూ తెలుసు. అయినా కొన్ని పేజీలు కాగితం మీద ముద్రించి, నాకు ఎర్ర పెన్సిల్ ఇచ్చి, ఒకదాని కింద ఒకటి పెట్టి అక్షరం అక్షరం చూడమన్నారు. "కంటితో ఒకసారి నడువు. తర్వాత బండెక్కుదువుగాని." నాలుగు మధ్యాహ్నాలు పట్టింది. వరసలకు వరసలు తేడా లేదు. ఆ జీవి దేన్ని పోగొట్టుకుంటే బతకలేదో అక్కడ ఒక్క అక్షరం కూడా కదలదని అప్పుడే తెలిసింది. నాలుగో రోజు ఒక ప్రొటీనులో ఒకే ఒక్క తేడా దొరికింది. సున్నా చుట్టి, ఎప్పుడూ లేనంత గట్టిగా అరిచాను. "మేడం! ఇది లచ్చయ్యన్న లోపల మారింది! ఒంట్ల బతకనీకె మారింది!"

"మారుతుంటే చూశావా?"

"లేదు మేడం."

"మరి గీతకు ఎటువైపు రాస్తావు?"

కుడివైపు రాశాను. "ఒక్క మూల నుంచి చారెడు మట్టి తెచ్చాం," అన్నారు మేడం. "పక్క గట్టు కింద ఇదే అక్షరం ముందే ఉందేమో, ఎవరికి తెలుసు? దీనికి జవాబు ఈ గదిలో లేదమ్మాయ్. ఇక్కడే ఉంటే నువ్వు నాలా గొర్రెల వెంట తిరుగుతావు. వెళ్ళి చదువుకో." ఇంటర్వ్యూలో మాట్లాడాలి కదా అని భయపడితే, "లచ్చయ్య పందిరి కింద మాట్లాడినదానికన్నా కష్టమా?" అన్నారు. కష్టం కాలేదు.

హైదరాబాదులో చేరిన రెండో ఏడాది ఆ పొలాల నుంచి ఇంకా చాలా చోట్ల మట్టి తెచ్చి చూశాను. మేడం అన్నట్టే, ఆ అక్షరం పక్క మడిలో ముందే ఉంది. మనిషిలోకి రాకముందే, మట్టిలోనే మారిపోయి ఉంది. నా ఎర్ర సున్నా తప్పు. ఫోన్ చేసి చెప్పాను. అవతల నుంచి ఆ పెద్ద నవ్వు. "ఎంత హాయిగా చెప్తున్నావమ్మాయ్, తప్పయిందని!" అదే ఆమెతో నేను తీరిగ్గా మాట్లాడిన ఆఖరిసారి. ఆ వానాకాలంలోనే మధిరలో తమ్ముడింట్లో పోయారు. నాకు రెండు రోజుల తర్వాత తెలిసింది. చాలా రోజులు డైరీ తెరవలేదు. ఎవరితో ఏం చెప్పాలో తెలియలేదు. చెప్పవలసిన ఇల్లు మాత్రం ఒకటుందని తెలుసు. ఫోనులో చెప్పలేక వెళ్ళాను.

నేను వెళ్ళిన రోజు వాళ్ళకు కొత్తల పండుగ. కొత్త పంటను ముందు పోయిన పెద్దలకు పెట్టి గాని వాళ్ళు నోట పెట్టరు. పందిరి కింద అలికి, ఆకులు పరిచి ఉన్నాయి. సమ్మక్క నా వెనక బాట వైపు చూసింది. "మేడం రాలే?"

"మేడం చనిపోయిండ్రు, వదినా. వానకాలంల."

సమ్మక్క ఉన్నచోటే కూలబడింది. లచ్చయ్య లోపలికి వెళ్ళి కాసేపటికి కొత్త బియ్యపు అన్నం కుండతో వచ్చాడు. ఒక్కొక్క ముద్ద ఆకులో పెడుతూ పేరు పెట్టి పిలిచాడు, తండ్రిని, తాతను, చిన్నప్పుడే పోయిన అక్కను. కోయ మాటల్లో పిలుస్తున్నాడు, పేర్లు మాత్రం నాకు అందుతున్నాయి. చివరి ముద్ద చేతిలో పట్టుకుని ఆగాడు. నా వైపు తిరిగాడు.

"మీ మేడం పేరేంది బిడ్డా?"

నాకు అర్థం కాలేదు.

"ఇన్నేండ్ల సంది మేడం, మేడం అంటిమి. మేడమని పిలుస్తే ఎవలొస్తరు? పేరు చెప్పు."

"మీ ఇంటి మనిషి గాదు గదా, అన్నా."

"ఈ వడ్లు నాటింది ఎవలు? నేను ఉన్న గనుక నాటిన." చేయి అలాగే చాపి ఉంచాడు. "గట్టిగ చెప్పు. మెల్లగ చెప్తే ఇనపడది వాళ్ళకు."

"సుభద్ర," అన్నాను. పక్కన మేడం అన్న మాట లేకుండా ఆ పేరు నా నోట రావడం అదే మొదటిసారి. ఇంకోసారి, పందిరి దాటి వినపడేట్టు చెప్పాను. లచ్చయ్య నా వెనకే ఆ పేరు పలికి, ముద్ద ఆకులో పెట్టాడు. తర్వాత అందరికీ వడ్డించారు. వచ్చేటప్పుడు సమ్మక్క వాగు దాకా వచ్చి, వచ్చే ఏడు కూడా నన్నే రమ్మంది. ఆ పేరు తాము పిలిస్తే కొత్త గొంతనుకుంటుందట, నేను పిలవాలట.

ఇది మూడో ఏడు. కొత్తలకు రెండు రోజులు సెలవు అడుగుతాను. సెలవు చీటీలో కారణం రాసే చోట 'ఇంటి పని' అని రాస్తాను.